ఊరి జొన్నల బ్యాంకు: మేం ఎక్కడ తప్పు చేశాం, జహీరాబాద్ అక్కలు ఎలా నిలబెట్టారు

పై వీడియోలో మొదట కనిపించేది మా ఊరి బడి వెనక పాత గది. అందులో మూడు వెదురు గుమ్ములున్నాయి, పేడ, ఎర్రమట్టి కలిపి అలికినవి. వాటిలో పచ్చజొన్నలు. ఈసారి కషాయాల గురించి, జీవామృతం గురించి కాకుండా ఈ గుమ్ముల గురించి చెబుతాను. అంటే ఆకలి గురించే. నేల ఆరోగ్యం గురించి గంటలు గంటలు మాట్లాడుకునే మనం దీని గురించి పెద్దగా మాట్లాడుకోం.

మాది వికారాబాద్ జిల్లాలో చిన్న ఊరు. నాకు ఆరెకరాలు. నాలుగు రేగడి, రెండు చెలక. మందులు మానేసి చాలా ఏళ్లయింది. ఊళ్లో నాలాంటి వాళ్లం తొమ్మిది మందిమి. 2019 మార్చిలో యాసంగి తెల్లజొన్న బాగా వచ్చింది. తొమ్మిది మందిమి కలిసి 14 క్వింటాళ్లు పక్కకు తీశాం. వానకాలం మొదట్లో, పాత గింజ అయిపోయి కొత్త పంట రాని రోజుల్లో, ఊళ్లో ఎవరికి అవసరమైతే వాళ్లకు అప్పుగా ఇద్దాం, పంటకు తిరిగి తెచ్చి పోస్తారు అనుకున్నాం. వెనకటికి దొరల దగ్గర నాగుకు తెచ్చుకునేవాళ్లు. ఆషాఢంలో బస్తా తెస్తే పంటకు బస్తన్నర కొలవాలి. మేం వడ్డీ లేకుండా ఇస్తున్నాం కదా, ఇంతకన్నా మంచి పని ఏముంటుంది అనుకుని మాలో మేమే మురిసిపోయాం. ఫోటోలు కూడా దిగాం.

ఆ ఏడు 23 ఇళ్లకు 11 క్వింటాళ్లు ఇచ్చాం. మరుసటి ఏడు తిరిగొచ్చింది నాలుగు క్వింటాళ్లకు కొంచెం పైన. మిగిలిన మూడు క్వింటాళ్ల బస్తాలు దసరాకు విప్పితే ముక్కపురుగు పట్టి పిండి పిండి అయింది. గొర్రెలకు పోశాం. బ్యాంకు అక్కడితో మూతపడింది. మా వాళ్లలో ఇద్దరైతే, "ఊళ్లో జనానికి నీతి లేదు" అని ఇప్పటికీ అంటారు.

నాకు అలా అనబుద్ధి కాలేదు. దానికి కారణం ఉంది. ఆ ఏడాది శ్రావణంలో మా కందిలో కలుపు తీతకు ఆరుగురు వచ్చారు. పొద్దెక్కాక అందరూ వేపచెట్టు కింద సద్ది విప్పారు. అందులో ఒక అక్క, ఇరవై ఏళ్లుగా మా పొలానికి వస్తున్న మనిషి, నేను తిని వచ్చినా అని బోరు దగ్గర మొఖం కడుక్కుంటూ కూర్చుంది. మూడు రోజులు వరసగా అదే మాట. మా ఇంటామె కనిపెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. పొద్దున ఏమీ తినడం లేదు, రాత్రి ఒక్క పూటే. కార్డు చనిపోయిన మామ పేరు మీద ఉంది. ఇల్లు వేరుపడ్డాక ఈమె పేరు మీద కొత్తది రాలేదు.

"మరి మేం జొన్నలిస్తున్నాం కదక్కా, ఎందుకు రాలేదు?" అన్నాను.

"నాకెవరిస్తరు పటేలా? తిరిగి కొలిచేటందుకు నాకు పంటేది?" అంది. కోపంగా కూడా అనలేదు.

ఇంటికొచ్చి మా లెక్కల పుస్తకం తీసి చూశాను. 23 ఇళ్లలో చాలావరకు వచ్చి అడగగలిగిన వాళ్లే ఉన్నారు. మాకు తెలిసినవాళ్లు, మాతో కల్లు తాగేవాళ్లు, మాకు ట్రాక్టర్ తోలేవాళ్లు. ఆ ఆరుగురు కలుపు ఆడవాళ్లలో ఒక్కరి పేరూ లేదు. నేను మందులు లేకుండా పండించిన జొన్న అప్పటికే హైదరాబాద్‌లో కిలో డెబ్బైకి పోతోంది. బరువు తగ్గాలనుకునే వాళ్లు రొట్టెలు చేసుకుని తింటున్నారు. ఆ చేలో కలుపు తీసిన మనిషి ఇంట్లో మాత్రం ఆ జొన్న లేదు.

ఆ తర్వాతే నేను ఈ విషయం మీద చదవడం, తిరగడం మొదలుపెట్టాను.

ఫుడ్ బ్యాంకు అనే మాట అమెరికాలో పుట్టింది. 1967లో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ పెట్టాడు. దుకాణాల్లో, తోటల్లో మిగిలిపోయి పారేసే తిండిని తెచ్చి దాచి, లేనివాళ్లకు చేర్చడం దాని పని. మిగులు విపరీతంగా ఉన్న దేశంలో అది బాగా నడిచింది. మేం 2019లో చేసింది కూడా దాదాపు అదే. మాకు మిగిలింది, ఇచ్చాం. కానీ మా ఊళ్లో అసలు లోటు ఎక్కడుందో మేం చూడలేదు.

మన ప్రభుత్వం కూడా 1996-97లో గిరిజన ప్రాంతాల్లో గ్రామ ధాన్య బ్యాంకులు తెచ్చింది. ముప్పై నలభై పేద ఇళ్లు ఒక గుంపు, ఇంటికి క్వింటం దాకా అప్పు, పంటకు తిరిగి కట్టాలి. ఆలోచన మంచిదే. కాకపోతే గింజ బయటి గోదాం నుంచి లారీలో వచ్చింది. తిన్నవాడు మళ్లీ పండించి పోయాలంటే వాడి చేతిలో సాగయ్యే భూమి ఉండాలి కదా. మాకు తగిలిన దెబ్బే అది.

ఈ ముడి విప్పింది మనకు దగ్గరే, జహీరాబాద్ ప్రాంతంలో. అప్పట్లో మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ గురించి మీలో చాలామందికి తెలుసు. పాత పంటల జాతర అనగానే గుర్తొస్తుంది. సంక్రాంతికి ఎడ్ల బండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే ఆ జాతరకు నేనూ వెళ్లాను. మనం విత్తనాల కోసం వెళతాం, విత్తనాలు చూసి వస్తాం. వాళ్లు 1990ల నడుమ చేసిన ధాన్యనిధి పని దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగం. అక్కడే ఆగమని నా మనవి.

అక్కడ సంఘం ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు. భూసంస్కరణల్లో వాళ్ల ఇళ్లకు ఎకరం, రెండెకరాలు వచ్చాయి. గరప నేలలు, చెలకలు. దున్నేందుకు ఎద్దుల్లేవు, ఎరువుకు పశువుల్లేవు. దాంతో చాలా భూమి బీడు పడింది. అదే కాలంలో, 1983 నుంచి, కిలో రెండు రూపాయల బియ్యం ఇంటికొచ్చింది. ఆ బియ్యం ఎంతోమంది కడుపు నింపింది, అది కాదనలేం. కానీ సంఘాల వాళ్లు ఇంకో కోణం చూశారు. బియ్యం ఎక్కడో కాలువల కింద పండుతోంది, మా జొన్న చెలక ఇక్కడ బీడుగా ఉంది, మేం మా భూమి ఉండి కూడా కొనుక్కుని తినేవాళ్లమయ్యాం అని. దీనికి వాళ్లు కనిపెట్టిన దారే ప్రత్యామ్నాయ రేషన్.

అది నడిచిన తీరు చెబుతాను. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ నుంచి కొంత డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో గింజలు కొనలేదు. బీడు భూములున్న చిన్న రైతులకు ఎకరానికి ఇంత అని అప్పు ఇచ్చారు. అదీ ఒకేసారి చేతిలో పెట్టలేదు. దుక్కికి కొంత, ఎరువుకు కొంత, విత్తుకు, కలుపుకు కొంత, పని జరుగుతుంటే విడతలుగా. చేను చూసి వచ్చే బాధ్యత ఊళ్లోని ఆడవాళ్ల కమిటీది. అప్పు తీర్చేది డబ్బుతో కాదు, జొన్నలతో. అదీ కొన్నేళ్ల మీద. ముప్పైకి పైగా ఊళ్లలో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు ఇలా సాగులోకి వచ్చింది. గింజతో పాటు చొప్ప వచ్చింది, చొప్పతో పశువు నిలిచింది, పశువుతో పెంట వచ్చింది. దుక్కికి, కలుపుకు, కోతకు ఊళ్లోనే కూలి దొరికింది. మన పద్ధతిలో నేలకు ప్రాణం పోయడం అంటాం చూడండి, అది ఇక్కడ కడుపు దగ్గర మొదలైంది.

తిరిగొచ్చిన జొన్న ఊళ్లోనే దాచారు. లారీ ఎక్కి ఎక్కడికీ పోలేదు. కరువు నెలల్లో తక్కువ ధరకు పేద ఇళ్లకు అమ్మారు. ఉచితంగా ఇవ్వలేదు, అది గమనించండి. ఆ అమ్మిన డబ్బు నిధిగా బ్యాంకులో పడింది, మళ్లీ భూముల మీదకే వెళ్లింది.

అన్నింటికన్నా నాకు చెంపదెబ్బలా తగిలింది పేదవాళ్లను ఎంచిన తీరు. ఆఫీసులో కూర్చుని జాబితా రాయలేదు. ఊరంతా ఒక చోట కూడి, నేల మీద ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తుపెట్టి, ఏ ఇల్లు ఏ స్థితిలో ఉందో అందరి ఎదుట తేల్చుకున్నారు. పేదరికానికి కొలతలు కూడా వాళ్లే పెట్టుకున్నారు. ఎక్కువ లేమి ఉన్న ఇంటికి ఎక్కువ జొన్న, కొంచెం నయంగా ఉన్న ఇంటికి తక్కువ.

ఈ సంస్థను నడిపించిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో పోయారు. 2019లో వీళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అది సరే, నా లెక్కలో ఆ నేల మీది పటమే పెద్ద బహుమతి.

ఇక మా ఊరికి వస్తాను. 2022 మేలో మా తొమ్మిది మందిని మళ్లీ కూర్చోబెట్టాను. సగం మంది, "ఒకసారి చేయి కాల్చుకున్నాం చాలదా" అన్నారు. ఒక చిన్నాయన, "రేషన్ బియ్యం మనిషికి ఆరు కిలోలు ఇస్తుండగా ఇంకా ఆకలెక్కడిది రా" అన్నాడు. లెక్క చెప్పాను. ఆరు కిలోలను ముప్పై రోజులకు పంచితే రోజుకు 200 గ్రాములు. పొద్దంతా వంగి కలుపు తీసే మనిషి ఒక్క పూటకే అంత తింటుంది. కార్డు లేని ఇంటికి ఆ 200 గ్రాములు కూడా లేవు. చిన్నాయన ఏమీ అనలేదు గానీ, మూడు రోజుల తర్వాత ఐదు వేలు తెచ్చి ఇచ్చాడు.

మనిషికి ఐదు వేల చొప్పున 45 వేలు పోగైంది. ఊళ్లో లావణి పట్టా భూములు చాలావరకు బీడే. ఆ అక్కది ఎకరంన్నర ఉంది, తుమ్మ మొలిచి తొమ్మిదేళ్లుగా దున్నింది లేదు. అలాంటివి ఏడు ఇళ్లవి, మొత్తం పదెకరాలు తీసుకున్నాం. ఎకరానికి 4,500. దుక్కికి రెండు వేలు, విత్తాక వెయ్యి, కలుపుకు పదిహేను వందలు. ఘనజీవామృతం మా ఇళ్ల నుంచే ఇచ్చాం, దానికి లెక్క వేయలేదు. పచ్చజొన్నలో కంది సాళ్లు, మధ్యలో అక్కడక్కడ అనుములు, బొబ్బర్లు. తిరిగి కొలవాల్సింది ఎకరానికి ఏడాదికి 40 కిలోల జొన్న, నాలుగేళ్లు. నలభై అనేది మేం చెప్పిన లెక్క కాదు. మేం 50 అన్నాం. ఆ ఏడు ఇళ్ల ఆడవాళ్లు, "తొలి ఏడు పంట ఎట్లుంటదో, నలభై రాసుకోండ్రి, తప్పకుండ ఇస్తం" అన్నారు. ఇప్పుడు చూస్తే వాళ్లు చెప్పిందే సరైంది.

మొదటి ఏడు ఎకరానికి సగటున మూడు క్వింటాళ్లు కూడా రాలేదు. తొమ్మిదేళ్ల బీడు ఒక్క వానకే లేచి నిలబడదు. ఆ అక్కకు ఎకరంన్నరలో నాలుగు క్వింటాళ్ల జొన్న, ఒక బస్తా కంది వచ్చాయి. 60 కిలోలు తెచ్చి గుమ్మిలో పోసింది. పదెకరాల నుంచి నాలుగు క్వింటాళ్లు, మా తొమ్మిది మందివి తలా 50 కిలోల చొప్పున నాలుగున్నర. మొత్తం ఎనిమిదిన్నర.

జాబితా కోసం ఒక రాత్రి బడి ముందర సున్నంతో ఊరి పటం గీశాం. వీడియోలో ఆ భాగం చీకటిగా ఉంది, క్షమించండి. ముందే నేను ఇంట్లో నా సొంత జాబితా ఒకటి రాసి జేబులో పెట్టుకున్నాను, చూద్దాం ఎంత కలుస్తుందో అని. నా కొలత భూమి ఎంత, ఇల్లు పెంకులా స్లాబా అని. ఆడవాళ్ల కొలత వేరు. ఆషాఢంలో రోజుకు ఎన్నిసార్లు పొయ్యి వెలుగుతుంది, ఇంట్లో కూలికి పోగల చేతులెన్ని, ఆ కూలి డబ్బు ఇంటిదాకా వస్తుందా లేక దారిలోనే తాగేస్తారా. స్లాబు ఇల్లు ఉన్న ఒకావిడ పేరు ముందు వరసలో వచ్చింది. నేను ఆశ్చర్యపోతే పక్కనున్న ముసలమ్మ, "స్లాబు తింటదా?" అంది. జేబులో కాగితం మళ్లీ బయటకు తీయలేదు.

పదిహేడు ఇళ్లు తేలాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలలు, ఇంటికి మొత్తం మీద 50 కిలోలు, కిలో పది రూపాయలకు. వచ్చిన 8,500తో ఎకరం ముప్పావు కొత్త బీడు దున్నించాం. మొదట్లో ఉచితంగా ఇద్దామని నేనే పట్టుబట్టాను. ఆడవాళ్లే వద్దన్నారు. పది రూపాయలు పెట్టి కొన్నది అడుక్కున్నది కాదు కదా అని వాళ్ల వాదన.

పురుగు సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2019లో మేం చేసిన తప్పు తేమ. తూర్పారబట్టిన రెండో రోజే యూరియా సంచుల్లో కట్టేశాం. ఇప్పుడు పేడతో అలికిన కల్లంలో నాలుగు ఎండలు పూర్తిగా ఎండబెడతాం. గింజ పంటి కింద టక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. ఎండిన గింజను సాయంత్రం దాకా నీడలో చల్లారనిచ్చి అప్పుడే గుమ్మిలో పోస్తాం. వేడి మీద పోస్తే లోపల చెమ్మ పడుతుంది. గుమ్మిని రెండు వైపులా అలికి, వారం ముందే ఆరనివ్వాలి. అడుగున నీడలో ఎండిన వేపాకు, ఆపైన క్వింటానికి కిలోన్నర జల్లించిన పిడకల బూడిద కలిపిన జొన్న, మధ్యలో మళ్లీ వేపాకు, పైన జానెడు బూడిద పొర. మూతను మట్టితో మెత్తేయాలి. గుమ్మి నేలకు ఆనకుండా రాళ్ల మీద నిలబెట్టాలి, ఎలుకలకూ మంచిది, చెమ్మకూ మంచిది. ఊరికే మాటిమాటికీ తెరిచి చూడొద్దు. నవంబర్‌లో నింపినవి ఆగస్టులో తీశాం, అడుగున ఒక నాలుగైదు కిలోలకు తప్ప పురుగు లేదు. విత్తనానికి పెట్టుకునే గింజ మాత్రం కంకుల్లోనే ఎంచి వేరే కుండలో దాచండి, బ్యాంకు గింజతో కలపొద్దు.

రెండో ఏడు పటం దగ్గర ఆ అక్క లేచి, "నా ఇంటి మీద గుర్తు తుడిచేయుండ్రి. నాకు ఆషాఢం దాక నా జొన్నలే ఉన్నయి" అంది. ఆ చోట బాలింత అయిన ఒక పిల్ల ఇల్లు గుర్తు పెట్టించింది. నేను ఆ రాత్రి ఇంటికెళ్లి మా ఇంటామెకు చెబితే, "ఈసారి సద్ది పెద్ద డబ్బాలో తెస్తోంది, నేను అప్పుడే చూశాను" అంది. ఆమెకు అన్నీ నాకంటే ముందు తెలుస్తాయి.

అన్నీ బాగున్నాయని చెబితే అబద్ధమవుతుంది. ఏడు ఇళ్లలో ఒకాయన రెండో ఏడు భూమిని పత్తికి కౌలుకిచ్చేశాడు. దున్నించి బాగుచేసింది మా డబ్బు, ఎకరానికి కౌలు పైసలు తీసుకుంది ఆయన. మా గుంపులో కొందరు కేసు పెడదామన్నారు. ఆ ఇంటి ఆమె వచ్చి, "ఆయన మాట ఆయనది, ఆ 80 కిలోలు నేను కూలి చేసి కొనన్న పోస్త" అంది. ఇప్పటిదాకా 30 పోసింది. ఆమె దగ్గర మిగతాది అడగాలా వద్దా అని మాలో మాకే తెగలేదు. నన్నడిగితే అడగకూడదు. కానీ మిగతా ఆరు ఇళ్ల ఆడవాళ్లే అడగాలి అంటున్నారు, ఒకరికి వదిలితే రేపు గుమ్మి ఉండదు అని. వాళ్ల మాటలోనూ బలం ఉంది.

ఇంకో చిక్కు మా తొమ్మిది మందిలోనే ఉంది. జొన్నకు హైదరాబాద్‌లో ధర పెరిగేకొద్దీ తలా 50 కిలోలు కొలవడం కొందరికి బరువుగా ఉంది. ఈసారి ఇద్దరు 25 కిలోలే తెచ్చారు. నా వాటా కొలిచేటప్పుడు నాకూ ఒక్క క్షణం మనసు పీకిందని దాచకుండా చెబుతున్నాను.

ఇప్పుడు మూడు గుమ్ముల్లో కలిపి ఏడున్నర క్వింటాళ్లు ఉన్నాయి. పదిహేడు ఇళ్లకు ఎనిమిదిన్నర కావాలి. ఆ క్వింటం ఎక్కడి నుంచి తేవాలో తేల్చుకోవడానికి శనివారం రాత్రి బడి దగ్గర కూర్చుంటున్నాం. సున్నం బస్తా తెచ్చిపెట్టాను.